స్టీరింగు ఇంకెవరూ ముట్టకూడదన్న కాగితం

మా ఆయన ఓనరైపోయిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

తొంభైల మధ్యలో మాట. చోడవరంలో మేం అద్దెకున్న వీధిలో లారీ డ్రైవర్ల ఇళ్ళు నాలుగైదు ఉండేవి. మా ఆయన పనిచేసే ఓనరు గారికి ఆరు లారీలు. చెరకు సీజన్లో రోలుగుంట, వడ్డాది వైపు పొలాల నుంచి గోవాడ పంచదార ఫ్యాక్టరీకి చెరకు తోలేవారు. సీజను అయిపోయాక బెల్లం, ధాన్యం, కంకర, ఏది దొరికితే అది. ఆరుగురు డ్రైవర్లకీ నెల జీతం, బండెక్కిన రోజుకి బత్తా, దసరాకి బట్టలు. అన్నిటికన్నా ముఖ్యం, ఓనరు గారింట్లో ఒక పొడుగాటి రిజిస్టరు. అందులో ఆరుగురి పేర్లూ ఉండేవి.

ఆ రిజిస్టరు విలువ నాకు అంతకు రెండేళ్ళ ముందే తెలిసొచ్చింది. లోడు కట్టిన తాడు తెగి, చెరకు మోపులు మీద పడి మా ఆయన కాలు నలిగిపోయింది. అనకాపల్లిలో ఆసుపత్రి పాలయ్యాం. ఓనరు గారు మర్నాడే వచ్చి మంచం పక్కన నిలబడి, "నా మనిషి, నా బండి దగ్గర దెబ్బ తిన్నాడు. ఖర్చు నాది," అన్నారు. అన్నట్టే చేశారు. కాలు కింద పెట్టేదాకా జీతం కూడా ఆపలేదు. అందుకే ఆయన్ని తిట్టాలంటే నాకు ఇప్పటికీ నోరు సగమే తెరుచుకుంటుంది. ఆ సగమైనా ఎందుకు తెరుచుకుంటుందో చెప్తాను.

ఆ సాయంత్రం మా ఆయన గుమ్మంలోకి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా, "ఒసే, ఇకనుంచి నాను జీతగాణ్ణి కాదు. నా బండికి నానే ఓనర్ని," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. ఆరుగురినీ ఇంటికి పిలిచి కుర్చీల్లో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారట. "ఎన్నాళ్ళు ఒకడి కింద పని చేస్తార్రా, బండి మీదే అనుకోండి, ఎన్ని ట్రిప్పులు కొడితే అంత మీది," అన్నారట. మిగతా అయిదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటే, మా ఆయన ముందుకెళ్ళి స్టాంపు కాగితం మీద రెండు చోట్ల సంతకం పెట్టేశాడు. కాఫీ ఇంకా చల్లారలేదట కూడా. ఆ మాట ఆయనే గొప్పగా చెప్పుకున్నాడు.

జేబులోంచి కార్బన్ కాపీ తీసి నా చేతిలో పెట్టాడు. అంతా ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. మా ఆయనకి ఇంగ్లీషు మాట అటుంచి, తెలుగే కూడబలుక్కోవాలి. నేను పదో తరగతి, ఆపైన టైపు లోయరు పాసయ్యాను. మా వీధిలో అంతకన్నా చదువుకున్న ఆడమనిషి లేదు. ఆ సంగతి నేను ఎవర్నీ మరిచిపోనిచ్చేదాన్ని కాదు. లైటు కింద కూర్చుని, డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వాక్యం విప్పుకుంటూ వెళ్ళాను. బండి ఓనరు గారి పేరు మీదే ఉంటుంది. డీజిలు, టైర్లు, రిపేర్లు డ్రైవరువి. జీతం లేదు, బత్తా లేదు, ట్రిప్పుకి ఇంత. రిజిస్టర్లోంచి పేరు తీసేస్తారు. బండికి గానీ మనిషికి గానీ ఏం జరిగినా పూచీ డ్రైవరుది.

నేను ఒంటికాలి మీద లేచాను. "ఏటి నువ్వు ఓనరువి? ఖర్చుకి ఓనరువి, దెబ్బలకి ఓనరువి! రేపు మళ్ళీ కాలు నలిగితే ఏ ఓనరొచ్చి ఖర్చు నాదంటాడు?" అని అరిచాను. పక్కింటి వాళ్ళకి వినిపించాలనే అరిచాను. ఆయన, "నువ్వు సదివేవని నన్ను యెదవని సెయ్యకు," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వండిన అన్నం గిన్నెలోనే ఉండిపోయింది. ఆ మాటకి నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆయన కాలు చలికాలంలో ఇంకా లాగుతూనే ఉంది.

వారం తిరిగేసరికి మిగతా అయిదుగురూ సంతకాలు పెట్టేశారు. పెట్టకపోతే బండి దిగమన్నారు. సీజను మధ్యలో బండి దిగి ఎక్కడికి పోతారు? ఆదివారం పొద్దున్న అందరూ మా అరుగు మీదకొచ్చి కూర్చుని, "సదివి సెప్పమ్మా, ఏటేటి ఒప్పుకున్నామో తెల్దాం," అన్నారు. నేను చదువుతూ తెలుగులో చెప్తున్నాను. మా ఆయన కాస్త దూరంగా స్తంభానికి ఆనుకుని, తనకేం పట్టనట్టు బీడీ కాలుస్తున్నాడు. చివరి పేజీలో ఒక మాట ఉంది. సంతకం పెట్టిన డ్రైవరు తప్ప ఇంకెవరూ ఆ బండి స్టీరింగు ముట్టకూడదు, ముడితే ఒప్పందం రద్దు, నష్టం డ్రైవరు కట్టాలి.

అందరిలో పెద్ద డ్రైవరు, మేం మావా అని పిలిచే ఆయన, చేయెత్తి నన్ను ఆపాడు. "మళ్ళీ సదువు." మళ్ళీ చదివాను. "ఇంకోపాలి." ఇంకోసారి చదివాను. ఆయన పంచె దులుపుకుని లేచి నిలబడి నవ్వడం మొదలెట్టాడు. అరవై దగ్గరపడిన మనిషి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

ఆ నవ్వు అర్థం కావాలంటే ఫ్యాక్టరీ యార్డు సంగతి తెలియాలి. చెరకు బండ్లు అక్కడ లైనులో నిలబడాలి. ఒక్కోసారి ఒక పగలు, ఒక్కోసారి పగలూ రాత్రీ. లైను కాస్త కాస్తగా జరుగుతూ ఉంటుంది. అంతసేపు మనిషన్నవాడు సీట్లో కూర్చోలేడు. అందుకని మా వాళ్ళకొక పద్ధతి ఉండేది. తాళాలు బండ్లలోనే వదిలేసి నలుగురు ఇళ్ళకెళ్ళి, స్నానం చేసి, తిని, కునుకు తీసి వచ్చేవారు. ఉన్న ఇద్దరూ ఒక బండి జరిపి, దిగి, ఇంకోటెక్కి, అలా ఆరు బండ్లనీ ముందుకి జరిపేవారు. వాళ్ళొచ్చాక వీళ్ళు వెళ్ళేవారు. ఎవరూ రాసిపెట్టుకోలేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. క్లీనర్లని ఓనరు గారు అంతకుముందు ఏడాదే మానిపించేశారు కాబట్టి ఈ పద్ధతి మీదే ఆ ఆరు బండ్లూ నడిచేవి. ఓనరు గారు యార్డు మొహం ఎప్పుడూ చూసిన మనిషి కాదు.

"కాగితం ప్రకారం సేద్దారి," అన్నాడు మావ. అంతే. నేనే ఈ ఉపాయం చెప్పానని మా వీధిలో చాలాకాలం అనుకున్నారు. నేను కూడా కాదనలేదు లెండి.

సోమవారం నుంచి ఎవరి తాళం వాళ్ళ జేబులో. లైనులో బండి పెట్టినవాడు ఆకలేస్తే తాళం తీసుకుని ఇంటికి పోయాడు. వచ్చేసరికి లైను ముందుకి కదిలిపోయి ఉంది, అతని బండి ముందు పెద్ద ఖాళీ. వెనక బండ్లవాళ్ళు ఊరుకుంటారా? హారన్లు, తిట్లు. యార్డువాళ్ళు ఆ బండిని పక్కకి తీయించి లైను చివరికి పంపేశారు. మొదటి రోజు రెండు బండ్లు అలా చివరికి పోయాయి, రెండో రోజు నాలుగు. చెరకు ఎండలో ఎండిపోతోంది. ఎండితే తూకం పడిపోతుంది. రైతులు ఓనరు గారింటి ముందుకొచ్చి కేకలు. ట్రిప్పు పడకపోతే మా వాళ్ళకీ పైసా లేదు. రెండో రోజు సాయంత్రం మా ఆయన, "పోన్లే, ఆల్లవీ నాను జరిపేస్తాను, సంతకం ముందు పెట్టింది నానే కదా," అని నీళ్ళు నమిలాడు. ఆ రాత్రి మళ్ళీ యార్డుకి పోకుండా నేను ఆయన తాళం తీసి నా కొంగున ముడేసుకున్నాను. పొద్దున్నే ఇచ్చాను.

మూడో రోజు మధ్యాహ్నం కేరేజీ పట్టుకుని బస్సులో గోవాడ వెళ్ళాను. నేను యార్డులో అడుగుపెట్టేసరికి ఓనరు గారి స్కూటరు వచ్చి ఆగింది. లైను మధ్యలో మావ బండి, ముందు ఖాళీ. మావ భోజనానికి పోయాడు. పక్క బండిలో మా ఆయన ఉన్నాడు. "ఒరే, ఆ బండి కాస్త ముందుకి తియ్యరా," అన్నారు ఓనరు గారు, డూప్లికేటు తాళం చూపిస్తూ.

మా ఆయన దిగలేదు. కిటికీలోంచే చేతులు జోడించి, "నాను ముట్టకూడదు బాబూ. ముడితే ఆ ముసిలాయన ఒప్పందం పోతాది. కాగితంలో ఉన్నాది," అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన్ని చూసి నేనంత మురిసిపోయింది అదే మొదలు.

ఓనరు గారికి రోషం వచ్చింది. తనే ఎక్కారు. ఆరు లారీల ఆసామీకి లారీ నడపడం రాదని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలీదు. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశారు, మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి చెరకు గెడలు నాలుగు జారి కింద పడ్డాయి. యార్డు యార్డంతా చూస్తోంది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఆయనకి కాస్త తేలికగా ఉండేదేమో.

దిగి, బండి నీడలో మట్టిలోనే కూర్చుండిపోయారు. చొక్కా తడిసిపోయింది. నేను కేరేజీతో పాటు తెచ్చిన మంచినీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చాను. తాగారు. నా నోరు ఊరుకోదు కదా.

"బాబూ, కాలు నలిగినప్పుడు మీరే వచ్చేరు. నా మనిషి అన్నారు. ఈ కాగితం ప్రకారమైతే మీరు రాకూడదు. రాకుండా ఉండగలరేటి?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "అందులో ఏటుందో నాకూ తెల్దమ్మా," అన్నారు. "వైజాగ్‌లో ఆడిటరు గారు టైపు చేయించి పంపేరు. అందరూ ఇలాగే చేస్తన్నారు, బరువు తగ్గుతాది అన్నారు. నేనూ సంతకం పెట్టేసేను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఒప్పందంలో అటు సంతకం పెట్టినాయన చదవలేదు, ఇటు పెట్టినవాళ్ళు చదవలేదు. మొత్తమ్మీద చదివింది నేనొక్కదాన్నే, నా సంతకం ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఏళ్ళలో మా చుట్టుపక్కల బండ్లు చాలావరకు ట్రిప్పు పద్ధతిలోకి వెళ్ళిపోయాయి. ఎంతోమంది డ్రైవర్లు పేరుకి ఓనర్లయి, దెబ్బ తగిలిన రోజున ఒంటరివాళ్ళయ్యారు. మావాళ్ళు ఆరుగురూ మాత్రం ఆ లారీలు నడిచినన్నాళ్ళూ రిజిస్టర్లోనే ఉన్నారు. మేం లోకాన్నేం మార్చలేదు. ఆరు ఇళ్ళు నిలబెట్టుకున్నాం. నాకది చిన్న విషయంగా ఎప్పుడూ అనిపించలేదు.

యార్డులో ఆ గొడవైన మర్నాడు పొద్దున్నే అందరం ఓనరు గారింటికి వెళ్ళాం. నన్ను రమ్మని మావ కబురు పెట్టాడు. హాల్లో బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. పాత కాగితం రద్దని, జీతం, బత్తా మునుపటిలాగేనని కొత్త పేజీలో ఓనరు గారే స్వయంగా తెలుగులో రాశారు. కింద ఆరు సంతకాలకి చోటు వదిలారు. కాఫీ వచ్చింది. ఓనరు గారు పెన్ను తీసి అలవాటుగా మా ఆయన వైపే చాపారు.

మా ఆయన పెన్ను అందుకోలేదు. అయిదుగురు సాటి డ్రైవర్ల ఎదుట, ఓనరు గారి ఎదుట, నా వైపు వేలు చూపించి, "ముందు దీన్ని సదవనియ్యండి బాబూ. నాకు సదవడం రాదు," అన్నాడు.

ఆ మాట ఆయన నాతో కూడా ఎప్పుడూ అనలేదు. ఓనరు గారు రిజిస్టరు నా వైపు తిప్పి, "గట్టిగా సదువమ్మా, నేనూ వింటాను," అన్నారు. నిలబడే చదివాను. పని చేస్తూ దెబ్బ తగిలితే ఖర్చు యజమానిది అన్న చోట కాసేపు ఆగి, అందరూ విన్నారని చూసుకుని, మళ్ళీ చదివాను. ఆరు పేర్లూ చదివాను. మా ఆయన పేరు దగ్గర కళ్ళెత్తి చూశాను. ఆయన తల పైకెత్తి నా వైపే చూస్తున్నాడు, ఇంకా పెన్ను ముట్టుకోకుండా, నేను పూర్తి చేసేదాకా.