పేరు పెట్టమన్న వకీలు సాబ్

మా మెట్టుగూడ వకీలు సాబ్ ఇక లేరు. మొన్న తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారని వారి కోడలు వచ్చి చెప్పారు. ఎనభై దాటిన మనిషి. ముందురోజు కూడా మామిడికాయ పప్పు అడిగి మరీ రెండోసారి వేయించుకున్నారట. ఆ మాట వింటే బాధలోనూ కాస్త నవ్వొచ్చింది.

కోర్టుకు వెళ్ళడం మానేశాక ఆయన వరండాలో కూర్చుని, మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు పెట్టుకునేవాళ్ళకు సాయం చేసేవారు. దుకాణం లెక్కలు ముగించుకుని నేను వెళ్ళి, ఆయన చెబుతుంటే తెలుగులో రాసేవాణ్ణి. కష్టం వినకముందే, జరిగి ఏడాది దాటిందా, కోర్టులో నడుస్తోందా అని అడిగేవారు. అవునంటే కమిషన్ తీసుకోదు. కొందరికి కోపం వచ్చేది. "మొదలు తలుపు తెర్వనియ్యి, లోపలికి పోయినంక ఏడుద్దువు" అనేవారు. కాగితంలో తిట్లుంటే కొట్టేసేవారు. "గివి నాకు చెప్పు, వింట. ఆడ ఏమైందో గంతే రాయాలె."

ఒకసారి లాలాగూడ నుంచి ఒకావిడ వచ్చింది. ఆమె కొడుకు ఆటో నడుపుతాడు. అతన్ని పోలీసులు దొంగతనం అనుమానంతో స్టేషన్‌కు తీసుకెళ్ళి, చెయ్యి విరగ్గొట్టి, ఏ కేసూ లేకుండా వదిలేశారు. బస్తీ పెద్దలు రాసి పంపిన ఫిర్యాదును కమిషన్ తీసుకోలేదు. ఎందుకంటే కింద 'ఇట్లు, బస్తీ వాసులు' అని తప్ప ఒక్క పేరూ లేదు. నల్లా నీళ్ళకైనా వీధి దీపానికైనా మావైపు అర్జీలన్నీ అలాగే ముగుస్తాయి. ఏడాది నిండడానికి ఇంకో వారమే ఉంది.

"బస్తీ వాసుల చెయ్యి ఇరిగిందా అమ్మా?" అన్నారు వకీలు సాబ్.

"పేరు వెడితే మల్ల పట్కపోతరు సార్. వాడు రోజూ గా స్టేషన్ తొవ్వలనే బండి నడపాలె."

ఆయన బలవంతం చేయలేదు. మంచినీళ్ళు ఇప్పించి అన్నారు: "లోపల నీ కొడుకు పేరు రాయాలె, తప్పది. ఫిర్యాదు మాత్రం వాని తరఫున నేనిస్త. నా సంతకం, నా ఇంటి నంబరు. పరేషాన్ చేసేటోడు ముందుగాల నా దగ్గరికే రావాలె. ఈ వయసుల నన్నేం జేస్తరు, బీపీ చూస్తరా?"

ఆమె నవ్వేసింది. "మీరొక్కరే ఎందుకు సార్? కన్నతల్లిని నేను లేనా? నా వేలిముద్ర సుత వెట్టుండ్రి."

ఫిర్యాదును విచారణకు తీసుకున్నారు. ఆ కబురు తెలిసిన సాయంత్రం ఆ అబ్బాయి మమ్మల్ని ఆటో ఎక్కించుకున్నాడు. ఆ పోలీస్ స్టేషన్ ఎదుటి హోటల్ దగ్గర ఆపమన్నారు వకీలు సాబ్.

"ఈడనా సార్?"

"ఈడనే. చాయ్ మంచిగుంటది."

రోడ్డు పక్కన నిలబడి తాగుతుంటే గేటు దగ్గరి కానిస్టేబుల్ మావైపే చూశాడు. ఆ అబ్బాయి తల దించుకోలేదు. సాసర్‌లో చాయ్ పోసుకుని, ఊదుకుంటూ, తీరిగ్గా తాగాడు.