ఎడారిలో కలిసిపోయిన నరహరన్న

తార్నాకలో చాయ్ తాగే రీసెర్చ్ స్కాలర్లందరికీ నరహరన్న తెలుసు. క్యాంపస్ హాస్టల్లో, నా గదిలో అతను నాన్‌బోర్డర్. అంటే చదువు ఎప్పుడో అయిపోయింది, గది అతని పేరు మీద లేదు, పరుపు మాత్రం ఉంది. ఆ పరుపు మీద కూర్చుని ఓ పాత కంప్యూటర్ గేమ్ ఆడుతుంటాడు. అణుయుద్ధంలో లోకం బూడిదయ్యాక మొదలవుతుంది ఆ కథ. లోకం పోయినా హీరోకి పనులు చెప్పేవాళ్లు మాత్రం పోలేదు. ఒకడికి మందు తెచ్చివ్వాలి, ఇంకొకడి మేకల్ని వెతికిపెట్టాలి. అక్కడ అంత చాకిరీ చేసే మనిషి నా గదిలో ఒక్కసారి కూడా చీపురు పట్టలేదు.

గేమ్ చివర ఓ గంభీరమైన గొంతు, హీరో దాటొచ్చిన ఒక్కో ఊరు ఏమైందో చెబుతుంది. హీరో ఒంటరిగా ఎడారిలోకి నడిచిపోతాడు.

మొన్న శనివారం హాస్టల్ ఫేర్‌వెల్‌లో నరహరన్న అదే గొంతుతో మా హాస్టల్ వాళ్లు ఒక్కొక్కరు ఏమవుతారో చెప్పాడు.

"పరుశురాం సీతాఫల్‌మండిల కోచింగ్ సెంటర్ పెడ్తడు, మూడు నెలల్ల బంద్ అయితది. ఎలీషా లెక్చరర్ అయితడు, పిల్లలు మంచిగ నిద్రపోతరు. నరహరి మాత్రం బ్యాగు తగిలిచ్చుకొని ఒక్కడే పోతడు. మల్ల ఎవ్వలకు కానరాడు."

ఎలీషా కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, సంతోషంతో.

ఆదివారం మధ్యాహ్నం మెస్ లైన్లో నా ముందు నరహరన్న నిలబడి ఉన్నాడు. చేతిలో ఉన్నది నా ప్లేటు.

"ఎడారికి పోయినవ్ గద అన్నా," అన్నాను.

"పోత తమ్మి. ఇయ్యాల చికెన్ ఉన్నది."