సరోజమ్మ కళ్ళకద్దుకున్న నోటుపుస్తకం

మధ్యాహ్నం పనయ్యాక ఇంకు పెన్నుతో ఓ పేజీ రాసుకోవడం నాకు అలవాటు. ఎవరికీ చూపించను. ఈ రోజు మేడ మీద ఆరేసిన నీలం చీర రాయచూరు గాలికి ఊగి ఊగి ఆకాశంలో కలిసిపోవడం గురించి రాస్తూ, నేనూ అక్కడే ఉండిపోయాను.

పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని పక్కింటి సరోజమ్మ వచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకోలేదు. పేజీ నిండా వరుసలు చూసి గుమ్మంలోనే చెప్పులు విడిచింది.

“రామకోటి రాస్తున్నవా తల్లీ? ఎన్ని లక్షలైనయ్?”

“ఇంక శాన ఉంది పెద్దమ్మా,” అన్నాను.

“రాయి, రాయి. లేవకు. తోడు నేనే తీసుకుంట.”

వెళ్తూ వెళ్తూ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, తలుపు మెల్లగా దగ్గరకు వేసింది. బయట ఎవరికో చెబుతోంది: “గట్టిగ మాట్లాడకుండ్రి. లోపల రామకోటి రాస్తుంది.”

ఇన్నేళ్ళలో నా చీర కోసం, నా గాలి కోసం ఇంత నిశ్శబ్దం ఎవరూ ఇవ్వలేదు. మీరైతే నిజం చెప్పేసేవారా? నేను మాత్రం హాయిగా ఇంకో రెండు పేజీలు రాసుకున్నాను.

పుస్తకం మూసే ముందు, అడుగున ఒక్కసారి ‘శ్రీరామ’ అని కూడా రాశాను.