తొమ్మిది మంది బాబయ్యలు, ఒక కవరు

ఉత్తరం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ చేతిలో పని వదిలేసి చుట్టూ చేరే కాలమొకటి ఉండేది. ఆ రోజుల్లో మా హిందూపురంలో మనిషి గొప్పతనాన్ని వారానికి ఎన్ని కవర్లు వస్తాయో చూసి కొలిచేవాళ్ళు. ఆ లెక్కన నేను పుట్టనే లేదు. మూడో ప్రయత్నంలో డిగ్రీ గట్టెక్కి, కనిపించిన ప్రతి ఉద్యోగానికీ అప్లికేషను పెట్టి, ఎవరూ జవాబు రాయకపోయేసరికి ఆ కోపమంతా పోస్టాఫీసు మీదికి మళ్ళించుకున్నవాణ్ణి. (నా ఆర్డర్లన్నీ ఎవరో గోతాంలో వేసి మూతి కట్టేసినారని నా గట్టి నమ్మకం.) అందుకే ఎనభైల నడుమ మా ఊళ్ళో కొత్తగా కొరియర్ ఆఫీసు తెరిచి మనుషులు కావాలన్నప్పుడు, ఉద్యోగంలో చేరినట్టు కాక పగ తీర్చుకోవడానికి పోయినట్టు పోయి చేరినాను.

మా ఓనరు అంతకుముందు ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసినాయన. చీరల మూటలు పోయే బస్సులోనే కవర్లు కూడా పోతాయి గదా అన్న ఒకే ఒక్క ఆలోచన మీద ఆ కంపెనీ మొత్తం నిలబడి ఉండేది. బోర్డు మీద 'హిందూపురం, పెనుకొండ, ధర్మవరం' అని పెద్దక్షరాలతో రాయించి, పక్కన ఎగిరే గద్ద బొమ్మ వేయించినాడు. ఆ పెయింటరు అంతవరకూ కోడికూర హోటళ్ళకు తప్ప బొమ్మలు వేసినవాడు కాదు కాబట్టి మా గద్ద ఎగురుతున్నా కాళ్ళు మాత్రం నేలమీదే ఉండేవి. మొదటి మూడు నెలలు మాకు వచ్చిన కవర్లకన్నా మేం తాగిన టీలే ఎక్కువ. అప్పుడు వచ్చింది పోస్టల్ స్ట్రైకు. నాలుగు రోజులకే వీధుల్లోని ఎర్ర డబ్బాలు నిండిపోయి, కవర్లు నోట్లోంచి బయటికి తొంగిచూడడం మొదలుపెట్టినాయి. మా ఓనరు ఆఫీసు ముందర కొబ్బరికాయ కొట్టి, మా ముగ్గురు పనివాళ్ళను వరసగా నిలబెట్టి, ఇది యుద్ధమనీ, వందేళ్ళ కోట కూలబోతోందనీ, మనమే సైన్యమనీ ఉపన్యాసం ఇచ్చినాడు. సైన్యానికి గుర్రాలు ఎవరిస్తారు సార్ అని నేనడిగితే, బస్టాండు దగ్గర అద్దె సైకిళ్ళుంటాయి పొమ్మన్నాడు.

స్ట్రైకు మొదలైన ఐదో రోజు పొద్దున్నే బెంగుళూరు బస్సులో ఆ కవరు దిగింది. దాని వెనకే ఫోను కూడా వచ్చింది. బెంగుళూరులోని ఒక ఆస్పత్రి వాళ్ళు నర్సు ట్రైనింగుకు పిల్లలను తీసుకుంటున్నారు, ఈ అమ్మాయికి సీటు వచ్చింది, రేపు పొద్దున పది గంటలకు సర్టిఫికెట్లతో ఆడ ఉండాలి, లేకుంటే సీటు లిస్టులో తర్వాతి పిల్లకు పోతుంది. టపా నడవడం లేదని చివరి నిమిషంలో కొరియరుకు వేసినారట. కవరు మీద ఇంగ్లీషులో ఉన్నదింతే: 'బాబమ్మ, తండ్రి బాబయ్య', కింద రొద్దం దారిలో ఒక పల్లె పేరు, దాని కింద 'వయా పెనుకొండ'. చాలా సులభమైన అడ్రసని ఓనరు, నేను ఇద్దరం ఒప్పుకున్నాం. అవతలివాళ్ళ సంతకం చీటీ సాయంత్రానికి తన టేబులు మీద ఉండాలన్నాడు. అది లేకపోతే రేపటినుంచి నన్ను కూడా రావద్దన్నాడు.

మేమిద్దరం హిందూపురం టౌనువాళ్ళం కాబట్టి చేసిన తప్పది. పెనుకొండ చుట్టుపక్కల పల్లెల సంగతి తెలిసిన ఎవడూ ఆ అడ్రసును సులభమనడు. పెనుకొండలోని బాబయ్య దర్గాకు మొక్కుకుంటే బిడ్డలు పుడతారని ఆ చుట్టుపక్కల నమ్మకం. మసీదుకు పోయేవాళ్ళూ మొక్కుతారు, ఆంజనేయస్వామి గుడికి పోయేవాళ్ళూ మొక్కుతారు. పుట్టినవాడు మగవాడైతే బాబయ్య, ఆడపిల్లయితే బాబమ్మ. నేను పెనుకొండలో అద్దె సైకిలు తీసుకుని, ఎదురుగాలికి రొప్పుకుంటూ ఆ పల్లె చేరి, టీ అంగడి ముందర దిగి, బాబయ్యగారంటే ఎవరండీ అని అడిగితే, నలుగురు ఒకేసారి టీగ్లాసులు కింద పెట్టినారు. పక్కనే మిషను మీద బట్టలు కుట్టే ఇంకొకాయన కూడా బాబయ్యేనట, మిగిలిన నలుగురు పొలాల్లో ఉన్నారట. సరే, కూతురు పేరు బాబమ్మ ఉండేవాళ్ళు మాత్రం చెయ్యెత్తండి అంటే, ఒక చెయ్యి తగ్గింది. తగ్గించినాయనకు కూడా మనమరాలు బాబమ్మేనట.

అప్పుడు నేను నా తెలివినంతా వాడి, నర్సు ట్రైనింగుకు అప్లికేషను పెట్టిన పిల్ల ఎవరింట్లో ఉందని ఊరందరూ వినేటట్టు అడిగినాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఇంట్లో అట్లాంటివి లేవప్పా అన్నారు. ఆ మిషను బాబయ్య అయితే, మిషను ఆపకుండానే, మా పాప బొత్తాలు కుట్టుకుంటా ఉంటుంది, అది యాడికి పోతుందప్పా, వేరే ఇల్లు చూసుకో అన్నాడు. ఇంతలో ఒక ముసలి బాబయ్య కర్ర పట్టుకుని అందరికన్నా ముందుకొచ్చి, నేనూ బాబయ్యనే గదా, సంతకం నేను చేస్తా, ఆ కవరు నాకిచ్చిపో అన్నాడు. ఆయన్ను చూసి ఇంకో ఇద్దరు బాబయ్యలు కూడా ముందుకొచ్చినారు. నిజం చెప్పాలంటే నాకు ఇచ్చేద్దామనే అనిపించింది. చీటీ ఒక్కటే ఉండడం, సంతకాలకు ముగ్గురు సిద్ధంగా ఉండడం వల్ల మాత్రమే ఆ రోజు నా నిజాయితీ నిలబడింది. తాతా, తమరికి నర్సు ట్రైనింగుకు వయసు మీరింది అని ఒక జోకు వేసి, అందరూ నవ్వుతుండగా సైకిలెక్కినాను. ఆ ముసలాయన నవ్వలేదు.

పెనుకొండ చేరేసరికి మధ్యాహ్నం. పోస్టాఫీసు ముందర షామియానా కింద జంపఖానా పరుచుకుని స్ట్రైకువాళ్ళు కూర్చుని ఉన్నారు. సైకిలు తోసుకుంటూ వస్తున్న నా భుజానికున్న సంచీ మీది బొమ్మ చూడగానే ఒకాయన, ఏమప్పా గద్ద కంపెనీ, ఎగరలేక నడుస్తాండావే అన్నాడు. ఇంకొకాయన నాకు నీళ్ళిచ్చి మరీ తిట్టినాడు. నేను ఆ నీళ్ళు తాగి, జరిగిందంతా హాస్యంగా చెప్పి వాళ్ళను నవ్వించి బస్టాండుకు పోదామనుకున్నాను. అందరూ నవ్వినారు. వెనక వరసలో లుంగీ కట్టుకుని, చొక్కాకు స్ట్రైకు బ్యాడ్జీ పెట్టుకున్న యాభై ఏళ్ళ సన్నటి మనిషి మాత్రం లేచి వచ్చినాడు. ఆ పల్లెలకు ఇరవై ఏళ్ళుగా టపా వేసేది ఆయనేనట. అందరూ పోస్టన్న అంటారు.

"ఆ కవరు చూపీప్పా."

నేను అందించబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ముట్టుకోను. స్ట్రైకులో ఉండా. నువ్వు పట్టుకో, నేను చూస్తా."

అద్దం పట్టుకున్న మంగలిలాగా నేను కవరు పట్టుకుని నిలబడితే ఆయన వంగి చదివినాడు. ఆయన మొహంలో రంగు మారింది. ఎప్పుడు రమ్మన్నారని అడిగినాడు. రేపు పది గంటలకని చెప్పినాను. లుంగీ దులుపుకుని రోడ్డు మీదికి నడిచినాడు. సంఘం సెక్రెటరీ యాడికి పోతాండావన్నా అని ఆపితే, కూచ్చోని కూచ్చోని నడుము పట్టేసింది, అట్ల గాలికి పోయొస్తానన్నాడు. గాలికి రొద్దం రోడ్డు దాకా పోతారా అన్నాడు సెక్రెటరీ. "ఉత్తరం ముట్టుకోను. సంచీ తగిలించుకోను. డిపార్టుమెంటు సైకిలు ఎక్కను. ఈ పిల్లోని క్యారియరు మీద ఊరికే కూచ్చుంటా. అది డ్యూటీ ఎట్లయితాదో నువ్వే చెప్పు." సెక్రెటరీ చాలాసేపు ఆలోచించి, మన డిమాండ్లలో సైకిలు వెనక కూర్చోవడం గురించి ఏమీ లేదని తీర్పు ఇచ్చినాడు.

ఆ విధంగా మా ఓనరు కూలగొట్టమన్న వందేళ్ళ కోటను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నేను తొక్కినాను. మధ్యాహ్నపు ఎండ, పైగా ఎక్కుడు మిట్ట. కోట సన్నగా కనిపించిందే గానీ బరువు బాగానే ఉంది. దారిలో గొర్రెలు మేపేవాళ్ళు కూడా ఆయన్ను చూసి లేచి నిలబడి, మాకేమన్నా ఉండాదా అని అడుగుతున్నారు. తొమ్మిది మంది బాబయ్యల్లో ఎవరిదని ఎట్లా తెలుస్తుందన్నా అని రొప్పుతూ అడిగినాను. ఆయన అదొక ప్రశ్నేనా అన్నట్టుగా చెప్పుకుంటూ పోయినాడు. ఒక బాబయ్యకు గౌరిబిదనూరు నుంచి తమ్ముడు రాస్తాడు, స్టాంపు ఎప్పుడూ తలకిందులే. ఇంకో బాబయ్యకు కోర్టు కాగితాలు తప్ప రావు, ఆయన పోస్టన్నను చూస్తే దొడ్డిదారిన పోతాడు. గొర్రెల బాబయ్యకు మిలిట్రీలో ఉండే కొడుకు రాస్తాడు, ఆ కవర్లు దుమ్ముతో ఎర్రగా ఉంటాయి. అడ్రసు చదివే పనే లేదట. నేను జోకు వేద్దామని నోరు తెరిచి, గాలి పీల్చుకోవడానికి మాత్రమే వాడుకున్నాను.

"కర్ర పట్టుకోని ఒక ముసలాయన ఉంటాడు చూడు, ఆయనకు నేను వచ్చినకాడినుంచి ఒక్క ఉత్తరమూ రాలేదు. అయినా దినామూ నిలబడతాడు. ఆడ ఆగి, ఈ పొద్దు లేదు బాబయ్యా అని చెప్పిపోవాల. చెప్పకుండా పోతే నొచ్చుకుంటాడు."

పొద్దున నేను వేసిన జోకు నాకు గుర్తొచ్చింది. తర్వాత రెండు మైళ్ళు తల వంచుకుని తొక్కినాను. (మిట్ట ఎక్కువగా ఉందని ఆయనతో అన్నాను. అప్పటికి రోడ్డు దిగుడులో ఉంది.)

ఊళ్ళోకి రాగానే పోస్టన్న ముందు ఆ ముసలాయన దగ్గర దిగి, ఈ పొద్దు లేదు బాబయ్యా, స్ట్రైకు నడుస్తాండాది అని చెప్పినాడు. అట్లనా, మంచిది అన్నాడు ముసలాయన తృప్తిగా. అక్కడినుంచి పోస్టన్న నేరుగా మిషను బాబయ్య అంగడికి నడిచినాడు. ఆయన కాదన్నాడు గదన్నా అంటే, ఆయనకు తెలిస్తే గదా అన్నాడు. అంగడి వెనకే ఇల్లు. పోస్టన్న అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగినాడు. ఇంటరు అయిపోయిన ఈడు పిల్ల చెంబు తెచ్చింది. పోస్టన్న ఆ పిల్ల వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ, "అమ్మీ, నేను పనిలో లేను. ఈ అప్ప చేతిలో ఒకటి ఉండాది, చూసుకో" అన్నాడు.

ఆ పిల్ల కవరు తీసుకుంది గానీ చింపలేదు. మిషను చప్పుడు ఆగింది. పొద్దున చెప్తిని గదప్పా మాది కాదని, అంటూ లేచి వచ్చిన బాబయ్య కూతురి మొహం చూసి అక్కడే నిలబడిపోయినాడు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ పల్లెలో పోస్టు డబ్బా సరిగ్గా మిషను ఎదురుగ్గా ఉంటుంది. అందులో వేస్తే నాయన చూస్తాడని, మూడు నెలల కిందట ఆ పిల్ల చెనిక్కాయ చేను గట్టు మీద నిలబడి అప్లికేషను పోస్టన్న చేతికి ఇచ్చింది. జవాబు వస్తే కూడా చేతికే ఇమ్మంది. ఆ మూడు నెలలూ పోస్టన్న రోజూ ఆ మిషను పక్కనే కూర్చుని బాబయ్యతో టీ తాగినాడు, లోకంలోని సంగతులన్నీ మాట్లాడినాడు, ఇదొక్కటి తప్ప.

"నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు బాబయ్య. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నవ్వించడానికి నాకు ఏదో ఒకటి తోచేది.

"రాకపోతే నువ్వు బాధపడతావని, నాయనా."

బాబయ్య పోస్టన్న వైపు తిరిగినాడు. నీకు తెలుసు గదన్నా అన్నాడు. తెలుసు, చెప్పకూడదు, మా పని అట్లాంటిది అన్నాడు పోస్టన్న. ఆడపిల్లను ఒంటరిగా బెంగుళూరు పంపడమా, ఊరివాళ్ళేమంటారు, ఇవన్నీ బాబయ్య మొహం మీద ఒకదాని వెనక ఒకటి పోవడం కనిపించింది. ఆ పిల్ల కవరు గుండెకు ఆనించుకుని తల వంచుకుని ఉంది. చివరికి ఆయన నా వైపు చూసి, లోపల ఏమేమి రాసినారో చదవప్పా అన్నాడు. ఇంగ్లీషు. నేను చదివి చెప్పినాను. సర్టిఫికెట్లు తేవాలి, ఒక ఫోటో తేవాలి, రెండు తెల్ల జాకెట్లు తేవాలి.

తెల్ల జాకెట్లన్న మాట దగ్గర బాబయ్య తల ఎత్తినాడు. ఎన్ని అన్నాడు. రెండు అన్నాను. ఆయన లోపలికి పోయి, బడి అయివారు లాల్చీకని ఇచ్చిపోయిన తెల్లగుడ్డ తెచ్చి, కూతురి పాత జాకెట్టు ఒకటి ఆది పెట్టుకుని, మారు మాట్లాడకుండా కత్తెర వేసినాడు. అయివారికి ఏం చెప్తావని పోస్టన్న అడిగితే, ఆయప్ప చొక్కా లేకుండా పాఠం చెప్పడులే, ఉండేది తొడుక్కుంటాడు అన్నాడు. నేను చాలా వేగాలు చూసినాను గానీ ఆ రోజు ఆ మిషను తిరిగిన వేగం మళ్ళీ చూడలేదు. సాయంత్రం రొద్దం నుంచి పెనుకొండ పోయే బస్సు వచ్చేలోపల రెండు జాకెట్లకూ బొత్తాలు కూడా పడినాయి. (అవి ఆ పిల్లే కుట్టుకుంది. బాబయ్య పొద్దున చెప్పింది అబద్ధమేమీ కాదు.) తండ్రీకూతుళ్ళిద్దరూ బస్సెక్కేముందు నేను చీటీ ముందుకు పెట్టినాను. ఆ పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో 'బాబమ్మ' అని రాసింది. పోస్టన్న ఆ సంతకం వైపు, చీటీని ముట్టుకోకుండానే, చాలాసేపు చూసినాడు. ఆ సీటు నిలబడిందని తర్వాత బాబయ్యే చెప్పినాడు.

ఆ రోజు చీటీ మీద మా ఓనరు 'అదే రోజు డెలివరీ' అని ఎర్రసిరాతో రాసి, నా వీపు తట్టి, దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించినాడు. నేను వద్దనలేదు. స్ట్రైకు ఇంకొన్ని రోజులకు ముగిసింది, మా కంపెనీ ఇంకొన్నేళ్ళకు ముగిసింది. నెలరోజులపాటు హిందూపురం టీ అంగళ్ళలో నేను ఈ కథ చెప్పుకున్నాను. అప్పటి కథలో వీరుణ్ణి నేనే. తొమ్మిది మంది బాబయ్యల్లోంచి అసలు బాబయ్యను నా తెలివితో పట్టుకున్నాను, దారిలో ఎవరో ఒక పోస్టుమ్యాను కొంచెం సాయం చేసినాడు. పెళ్ళయ్యాక చెప్పినప్పుడు ఆయన వాటా సగమయింది. పిల్లలకు చెప్పేనాటికి అంతా ఆయనే, నేను ఉత్త సైకిలు తొక్కినవాణ్ణి. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో కూర్చుని తలుచుకుంటే, అంత ఎండలో అంత మిట్ట నేనే తొక్కినానా అని నాకే అనుమానంగా ఉంది. ఇంకొన్నేళ్ళు బతికితే, సైకిలు కూడా ఆయనే తొక్కినాడనీ, వెనక కూర్చున్నది నేననీ చెప్తానేమో. అదే నిజానికి ఇంకొంచెం దగ్గరగా ఉంటుంది.