మగ్గం గుంటలో మరిచిన ఆకు

కుంభారిలోని మా కొత్తింటికి నల్లుల మందు కొట్టేవాళ్ళు వస్తున్నారని కోడలు చెప్పినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఆ పిల్లను తప్పుపట్టడానికేమీ లేదు. బియ్యం డబ్బా మొదలు పళ్ళు తోముకునే బ్రష్షుల దాకా ఏమేమి బయట పెట్టాలో, తలుపులు ఎంతసేపు మూసి ఎంతసేపు తెరవాలో అన్నీ ముందే అడిగి తెలుసుకుంది, మనవరాలిని, నన్ను జోడ్‌భావి పేట్‌లోని నా బిడ్డ ఇంటికి పంపే ఏర్పాటు కూడా చేసింది. అయినా నేను పొద్దున్నుంచి మంచం కింద, అల్మారా వెనక, పరుపుల నడుమ తొంగి చూస్తూనే ఉన్నాను. ఏం వెతుకుతున్నావత్తమ్మా అంటే ఏమీ లేదన్నాను. అదేమిటో నాకు తెలిస్తే ఇంత గుబులెందుకు, మరిచిపోయిన వస్తువుంటుందేమోననే కదా నా భయమంతా.

భవాని పేట్ వాడాల్లో, ఒకే వాకిలి చుట్టూ వరసగా గదులుండే ఆ ఇళ్ళల్లో, కాపురం చేసిన నా తరం వాళ్ళకు నల్లుల సంగతి నేను వేరే చెప్పనక్కర్లేదు. ఒకే గది ఉన్న ఖోలీలోనే మా మామ మగ్గం, నా పొయ్యి, బిడ్డ ఊయల, మా అత్తమ్మ బీడీల చాట. మగ్గం కొయ్యల సందుల్లో, నులక మంచం ముడుల్లో నల్లులు తరతరాలుగా సంసారాలు చేసుకునేవి. వాటికి ఆ ఇంట్లో ఉన్న స్వతంత్రం కొత్త కోడలినైన నాకు లేదు. అంతవరకు అందరం గోక్కుంటూ సర్దుకుపోయాం గాని, అప్పుడప్పుడే పాకుతున్న నా బిడ్డ ఒళ్ళంతా దద్దుర్లు లేచి పుండ్లు పడేసరికి ఇక లాభం లేదని మామ నడుం కట్టారు.

ఊరి నుంచి వచ్చిన చుట్టమొకాయన పత్తి చేనుకు కొట్టే మందు సీసాతో తెచ్చి ఇచ్చాడు. చేను మందు ఇంట్లోకి రాకూడదని ఈనాడు చిన్నపిల్లలకు కూడా తెలుసు, అప్పుడు మాకు చెప్పినవాళ్ళు లేరు. తనకు తెలిసినంతలో మామ చాలా జాగ్రత్తగానే ఉన్నారు. మగ్గాలకు సెలవుండే అమావాస్య నాడు పెట్టుకున్నారు, పడుగు మీద పాత చాదర్లు కప్పారు, తిండి గింజలు, నీళ్ళ బిందెలు, పొయ్యి మీది గిన్నెలు పక్కింటికి చేరవేయించారు, ముక్కుకు గుడ్డ కట్టుకున్నారు. ఊయల తాడు తీశారా, పాలగిన్నె తీశారా అని నేను వాకిట్లో నిలబడి అడుగుతూనే ఉంటే ఆయన నవ్వి, "గింత భయమైతే ఎట్ల కోడలా? మనం మందు తాగుతున్నమా ఏంది?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బీడీలు చుట్టిన చేతులకు తెలుసు, తునికాకు నానబెట్టి తడి గోనెలో చుట్టి ఉంచకపోతే కత్తెర పడగానే చిట్లిపోతుంది. మా ఇంట్లో అన్నిటికంటే చల్లని చోటు మగ్గం గుంట, మామ కాళ్ళు పెట్టుకుని తొక్కే చోటు. మర్నాటి ఆకును అత్తమ్మ ఆ పొద్దున్నే అక్కడ పెట్టింది. నోట్లోకి పోయేవన్నీ బయటికి తీశాం, ఆకు పని సామాను కనుక దాని గురించి ఎవరికీ తోచలేదు. కొయ్యలకు కొట్టిన మందు కారి కారి గుంటలోకి దిగింది. అసలే తడిసి ఉన్న గోనె, ఇల్లంతా అదే కంపు, ఇక ఎవరు కనిపెడతారు?

మర్నాడు అత్తమ్మ ఎప్పటిలాగే బిడ్డను ఒళ్ళో వేసుకుని ఆకు కత్తిరించడానికి కూర్చుంది. కత్తెర కింద రాలే ఆకు ముక్కలే బీడీల ఇళ్ళల్లో పసిపిల్లలకు ఆటబొమ్మలు, చప్పరించినా వద్దనేవాళ్ళు లేరు. బిడ్డకు చొంగ కారుతుంటే పళ్ళొస్తున్నాయని మురిసింది. కాసేపటికి వాంతి అయింది, మెడ వాలిపోయింది, కనుపాపలు ఆవగింజలంత అయిపోయాయి. రిక్షాలో దవాఖానకు పోతున్నంతసేపూ బిడ్డ గుండె మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాను, ఆ చెయ్యి తీస్తే గుండె ఆగిపోతుందేమోనని.

ఏం మందు అని డాక్టరు అడిగితే మామకు దాని పేరు తెలియదు. పిల్లలెవరూ ముట్టకూడదని సీసా ముందురోజే పగలగొట్టి పారేశారు. మందు కొట్టిన చొక్కాతోనే వచ్చారు కనుక డాక్టరు ఆ చొక్కా వాసన చూసి, ఏ జాతి మందో పోల్చుకుని సూది వేశారు. బిడ్డ మళ్ళీ గొంతెత్తి ఏడ్చేవరకు మాలో ఒక్కరమూ కూర్చోలేదు. ఆ ఏడుపు విన్నాక అత్తమ్మ గోడకు జారగిలబడి, "నా ఒళ్ళెనే తిన్నది గదా, నా ఒళ్ళెనే" అని ఒకటే మాట.

ఆ ఆకును ఆమె మళ్ళీ ముట్టలేదు, ఏ కూలివాడో తాగే బీడీ అది అని మొత్తం పాతిపెట్టించింది. నా బిడ్డను కూడా ముట్టడం మానేసింది. అసలు చాట పక్కకే రానిచ్చేది కాదు, పాక్కుంటూ వస్తే "అటు పో" అని కసిరేది. ఆమె పొద్దంతా చాట ముందే కనుక పిల్లకు పొద్దంతా ఆ మాటే. ఆ రోజు సంగతి ఇంట్లో ఎత్తొద్దన్నారు మామ, మేమూ ఎత్తలేదు.

ఇందాక మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చిన నా బిడ్డ నా వెతుకులాట చూసి నవ్వింది. తన కూతురు నా ఒళ్ళోకి ఎక్కడం చూసి, అత్తమ్మ గురించి ఎప్పుడూ అనేదే మళ్ళీ అంది: "బాపమ్మకు నేనంటే గిట్టకపోయేదమ్మా." మామ లేరు, అత్తమ్మ లేదు, ఇక దాచి ఎవరికని మొత్తం చెప్పాను. అది నడివయసు మనిషి, పసిపిల్లలా నా మొహంలోకి చూస్తూ విన్నది.

ఇప్పుడు మందు కొట్టేవాళ్ళు మాస్కులతో వస్తారు, మందు పేరు కాగితం మీద రాసిస్తారు, మా ఇంట్లో తునికాకు వాసన పోయి ఏళ్ళయింది. చూపు మందగించి అత్తమ్మ బీడీలు మానేసి చాట గోడకు తగిలించిన నాటికి మాత్రం, ఖాళీ అయిన ఆమె ఒళ్ళో కూర్చునే వయసు నా బిడ్డకు దాటిపోయింది.