రెండో గంప

దెయ్యాలన్నా శకునాలన్నా నాకు నవ్వే తప్ప నమ్మకం లేదు. కడపలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుంది, ప్రయాణంలో అంతకు మించి మర్మమేమీ లేదని పిల్లలకు చెప్పేవాణ్ణి.

మా చిన్నమ్మ లెక్క వేరు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పలాస దగ్గర పూండిలో ఉంటుంది. జీడి బట్టీ నుంచి పప్పు గంపలతో తెచ్చుకుని ఇంట్లో పొట్టు తీస్తుంది. టెక్కలి బస్సంటే అరగంప, విశాఖ రైలంటే రెండు గంపలు. మావాళ్లు ఎవరు దారిలో ఉన్నా, వాళ్లు బండి దిగేదాకా ఆవిడ చేతులు ఆడుతూనే ఉండాలి. ఆపితే బండి ఆగిపోతుందట. ఎంత ఆటపట్టించినా మానలేదు.

మొన్న వానాకాలంలో ఆవిడ కిడ్నీలు పాడయ్యాయని, వెంటనే డయాలసిస్ మొదలుపెట్టాలని డాక్టర్లు చెప్పారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో ఈ మాట వినని ఇల్లు తక్కువ. అయినా మన ఇంటికొచ్చేసరికి అది కొత్త మాటే. నేను వస్తే తప్ప మిషన్ ఎక్కనని చిన్నమ్మ భీష్మించుకుంది. మర్నాడు పొద్దున్నే డయాలసిస్ మొదలు. అందుకే మొదటిసారి విమానం టికెట్ కొన్నాను.

ఎక్కేముందు ఫోన్ చేశాను. "ఆరువందల కిలోమీటర్ల లోపే సిన్నమ్మా, గంటన్నరలో విశాఖలో దిగిపోతాను."

"అయితే ఒక గంప. రా నాయినా, నాను సూసుకుంటాను" అంది.

ఒంటిగంటా నలభైకి లేచాం. మూడూ పదికి దిగాలి. విశాఖలో మబ్బు దట్టంగా ఉంది. దిగబోయి మళ్లీ పైకి లేచి, సముద్రం మీద చుట్లు తిరిగాం. మబ్బు తొలగకపోతే వెనక్కి వెళ్లాల్సి రావచ్చన్నారు. వెనక్కి వెళితే పొద్దుటికి అందను, ఆవిడ మిషన్ ఎక్కదు. నా భయమంతా అదే. చివరికి మూడూ యాభై రెండుకి చక్రాలు నేలకు తగిలాయి.

ఫోన్ ఆన్ చేశాను. సిగ్నల్ అందిందో లేదో మోగింది. పక్కింటి కోడలు గౌరి.

"దిగిపోనావేటి బావా? అత్త సేతులు కడిగేసుకున్నాది. నీకు ఫోన్ సెయ్యమన్నాది."

అప్పుడు టైము మూడూ యాభై మూడు. ఆ కాల్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

రాత్రి రైలు దిగి ఇల్లు చేరేసరికి చిన్నమ్మ రైలు లెక్క కూడా ముగించి చేతులు కడుక్కుంటూ ఉంది. జరిగింది గౌరి చెప్పింది. మూడుంబావుకల్లా గంప అయిపోయిందట. గౌరి లేవబోతే, "పిల్లడింకా గాల్లోనే ఉన్నాడే" అని చిన్నమ్మ రెండో గంప ముందుకు లాక్కుందట. సగం దాకా తీసి, కత్తి కింద పెట్టి లేచిందట. విమానాలు ఎక్కడున్నాయో చూపించే యాప్ ఉందేమోనని గౌరి ఫోనంతా వెతికాను. లేదు.

చిన్నమ్మనే అడిగాను. "ఏటుంది తెలీడానికి? ఒక గంపకి నువ్వు దిగనేదు. రెండోది తీసినాను" అంది.

దూరం, వేగం, కాలం ఎన్నిసార్లు వేసి చూసినా నాకు ఆ రెండో గంప లెక్క తేలలేదు. ఇప్పటికీ తేలదు.

మర్నాడు ఆవిడ మిషన్ ఎక్కింది. నన్ను బయటే ఉండమన్నారు. అద్దంలోంచి కనిపించే బెంచీ మీద కూర్చుని, సంచిలో తెచ్చిన పప్పు ఒళ్లో పోసుకుని పొట్టు తీశాను. నాకా పని రాదు, సగం పప్పు విరిగిపోయింది. అది చూసి లోపల చిన్నమ్మ నవ్వింది. నాకు నమ్మకం లేదు, నిజమే. కానీ ఆవిడ దిగేదాకా నేను చేతులు ఆపలేదు.