వాయవ్య మూల పూలతోట

మా ఇల్లు ఉత్తరం ముఖం. సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలోనే ఉండాలని వాస్తు చూసిన పెద్దమనిషి పట్టుబట్టడంతో, అది సరిగ్గా ఇంటి ముందు, గేటు తీయగానే కంటికి తగిలే మూలలో వచ్చి పడింది. పదేళ్ల కిందటి మాట. కడప ఊరి చివర ప్లాట్లలో అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్నాయి. గృహప్రవేశానికి ముందు రోజు బయటికి వచ్చి చూస్తే బూడిదరంగు సిమెంటు మూతలు రెండు, పక్కన నిలువుగా ఒక గొట్టం. లోపల ఇంకా ఏమీ లేదు, ఖాళీ తొట్టి. అయినా నేను కొంగుతో ముక్కు మూసుకున్నాను.

దాన్ని కనపడకుండా చేయాలనుకున్నాను. మేస్త్రీ వద్దన్నాడు.

"మూతల మీద మన్ను పోయొద్దమ్మా. రేప్పొద్దున తీయాల్సొస్తే శానా ఇబ్బంది. గొట్టం మటుకు అసలే ముట్టుకోవద్దు. గాలి పోయేది దాంట్లోనే."

నేను వినలేదు. ట్రాక్టరుతో ఎర్రమన్ను తోలించి మోకాలెత్తు దిబ్బ పోయించాను. చుట్టూ కడప బండలు నిలబెట్టించి మల్లె, కనకాంబరం నాటాను. రెండు రాళ్ల మీద పొడుగాటి బండ పరిచి కూర్చోవడానికి అరుగులా చేయించాను. గొట్టాన్ని నడుమెత్తుకు కోయించి, దాని మీద ఒక మట్టికుండ బోర్లించాను. మా ఆయనకు కమలాపురంలో బట్టల అంగడి. పొద్దున పోతే సాయంత్రానికి వస్తాడు. చూసి, "బాగుండాదిలే" అన్నాడు. అంతే.

ఏడాది తర్వాత మా అత్త ఊరి నుంచి వచ్చి మాతోనే ఉండిపోయింది. ఆ దిబ్బ కింద ఏముందో ఆమెకు నేను చెప్పలేదు. వీధిలో ఎవరింట్లోనూ పూయనన్ని మల్లెలు మా ఇంట్లో పూసేవి. మా అత్త రోజూ వాటిని కోసి, దండ కట్టి, దేవుడి పటాలకు వేసి, మిగిలినవి నా తలలో పెట్టి, తనూ పెట్టుకునేది. ఆమె కళ్లు మూసుకుని దండం పెడుతుంటే నాకు ఒళ్లు జలదరించేది. చెబుదామని నోటిదాకా వచ్చేది. చెప్పేదాన్ని కాదు.

కొన్నాళ్లకు స్నానాలగదిలో వాసన మొదలైంది. ఫినాయిల్ పోశాను, అగరొత్తులు వెలిగించాను. మల్లెల వాసన, అగరొత్తుల వాసన, వాటి అడుగున కుళ్లిన గుడ్డులాంటి ఇంకో వాసన. మూడూ కలిస్తే వాంతి వచ్చే ముందులా నోట్లో ఉమ్మి ఊరేది. వెనకింటావిడకు గేదెలు ఉన్నాయి. వాటిదే అని అందరికంటే ముందు అన్నది నేనే. మా అత్త పోయి ఆమెతో తగువు పెట్టుకుంది.

ఆమె నిదానంగా చెప్పింది. "మా ఎనుములది కాదు పెద్దమ్మా ఈ వాసన. ఎనుము గడ్డి తింటాది. ఇది మనుషుల వాసన."

మూడేళ్ల కిందట మా ఆయన మేనత్త వాళ్లు రాజంపేట నుంచి మంత్రాలయం పోతూ మధ్యాహ్నం భోజనానికి మా ఇంట్లో ఆగారు. పన్నెండు మంది. తిన్న తర్వాత ఆమె తలలో మల్లెలు తురుముకుని, ఆ అరుగు మీద కూర్చుని ఫోటోలు దిగింది. అంతలో లోపలి నుంచి ఎవరో పిలిచారు. మరుగుదొడ్డిలో పోసిన నీళ్లు కిందికి పోకుండా పైకి వస్తున్నాయి. చూస్తుండగానే అవి గడప దాటి, భోజనాలు పెట్టిన హాల్లోకి పారాయి. అందులో ఏమేం తేలుతున్నాయో రాయలేను. ఆడవాళ్లు చీరలు ఎత్తిపట్టుకుని బయటికి వచ్చారు.

"ట్యాంకు యాడ పెట్టినారు మే?" అని మేనత్త అడిగింది.

నేను ఆమె కూర్చున్న బండ వైపు చూపించాను. ఆమె లేచి, చీర వెనకవైపు దులుపుకుని, పోయి వ్యానులో కూర్చుంది.

ఆ రోజు అంగడికి పోకుండా ఇంట్లోనే ఉన్న మా ఆయన ఫోను చేస్తే, గంటకు మురికి తోడే ట్యాంకరు బండి వచ్చింది. నడిపే మనిషికి నలభై ఏళ్లుంటాయి. పైపు దించి, "మూత యాడుండాదమ్మా?" అన్నాడు. పూల దిబ్బ చూపించాను.

"దీని కిందనా?"

నేను తలూపాను. మా ఆయన గడ్డపార, పార తెచ్చాడు. ఇద్దరూ మన్ను తోడి మూత లేపగానే బొద్దింకలు నల్లటి గుడ్డ పరిచినట్టు బయటికి పాకాయి. మూత సందుల్లోంచి దిగిన మల్లె వేళ్లు లోపల తెల్లగా, జిడ్డుగా, జడలు జడలుగా వేలాడుతూ ఆ మురికిలో తేలుతున్నాయి. నేను గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను.

రెండో మూత నెర్రెలిచ్చి ఉంది. లోపలి కమ్మీలు తుప్పు పట్టిపోయాయి. "ఇన్ని దినాలు దీని మీద కూసున్నారా?" అన్నాడు ఆ మనిషి. "ఇంగ కొన్నాళ్లు పోయింటే ఎవురో ఒకరు లోపలికి పోయుండేటోళ్లు."

మా అత్త వరండాలో నిలబడి అంతా చూసింది. లోపలికి పోయి, పటాల మీది దండలను చీపురుపుల్లతో లాగి పడేసింది. తల మీద నీళ్లు పోసుకుంది. ఆ రోజు అన్నం తినలేదు.

పని అయ్యాక ఆ మనిషి నీళ్లు అడిగాడు. నేను దూరంగా నిలబడి, చెంబు ఎత్తి, పైనుంచి అతని దోసిట్లో పోశాను. సగం నీళ్లు నేల పాలయ్యాయి. అతను మళ్లీ అడగలేదు. బండిలోంచి తన సీసా తీసుకుని తాగాడు. అది చూసి నా మీద నాకే కలిగిన అసహ్యం ఆ తొట్టిని చూసినప్పటి లాంటిది కాదు. ఆ మురికి మాది. అతను తీసుకుపోతున్నది మేం తిన్నదే.

ఇప్పుడు మూతల మీద మన్ను లేదు. ఇనుప కొక్కేలతో కొత్తవి వేయించాం. గొట్టాన్ని మిద్దె కంటే ఎత్తుకు లేపాం. వాసన పోయింది. వెనకింటావిడ దగ్గరికి నేనే పోయి తప్పు ఒప్పుకున్నాను. మా అత్త మాత్రం అంగట్లో కొన్న పూలు కూడా తలలో పెట్టుకోదు. "అవి యాడ పూసినాయో ఎవురికి ఎరుక?" అంటుంది.

మొన్న అదే మనిషి ట్యాంకరుతో మళ్లీ వచ్చాడు. ఈసారి పని తొందరగా అయిపోయింది. వరండాలో కుర్చీ వేసి, మేము తాగే స్టీలు గ్లాసులోనే కాఫీ ఇచ్చాను. తాగి, "బాగుండాదమ్మా" అని పోయాడు. తర్వాత నేను ఆ గ్లాసును రెండుసార్లు తోమాను. మూడోసారి సబ్బు పెడుతుంటే మా అత్త వంటింటి వాకిట్లో నిలబడి చూస్తోంది.

"ఇంగ చాల్లే మే," అంది. అయినా నేను ఇంకోసారి తోమి బోర్లించాను.